పిరికి అననీయ

మా గల్లీకి వచ్చి "అననీయ ఇల్లెక్కడ?" అని అడిగి చూడండి. ఎవరూ చెప్పరు. "అబద్ధాల అననీయ" అనండి, చేయి పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చి మరీ చూపిస్తారు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయన గదికీ నా గదికీ నడుమ ఉన్నది గోడ కాదు, ఒక చెక్క. వాళ్ళింట్లో పోపు వేస్తే నాకు తుమ్ము వస్తుంది. ఇన్నేళ్ళ పొరుగుదాన్ని చెప్తున్నాను, ఆ మనిషికి అబద్ధం ఆడడం చేతకాదు. ఆడదామని నోరు తెరవకముందే చెవులు ఎర్రబడిపోతాయి.

నా పేరు మంగళ. బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్‌కి ఆనుకున్న ఈ చాల్‌లో, ఈ వరుస గదుల పాత మేడలో పుట్టాను, ఇక్కడే జొన్నరొట్టెలు చేసి అమ్ముతూ ముసలిదాన్నయ్యాను. నేను పోచమ్మ తల్లి మనిషిని, ఏటా బోనం ఎత్తుతాను. అననీయ నమ్మిన దేవుడితో నాకు పని లేదు. ఆ మనిషితో మాత్రం పని ఉంది. ఎందుకంటే అలాంటి పిరికివాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. అంత ధైర్యం చేసినవాణ్ణి కూడా చూడలేదు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కుర్మయ్య. మహబూబ్‌నగర్ జిల్లాలో కురుమూర్తి గుట్ట దగ్గర ఊరు. ఆ చుట్టుపక్కల ఇంటికో కుర్మయ్య ఉంటాడు. బొంబాయికి వచ్చి తాపీ పని నేర్చుకున్నాడు. పని బాగానే చేస్తాడు కానీ రెండో అంతస్తు దాటి పరంజా ఎక్కమంటే కాళ్ళు వణుకుతాయి. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, పోలీసు విజిల్ వినిపిస్తే ఏ తప్పూ చేయకపోయినా పక్క సందులోకి తిరుగుతాడు. భార్య అంజమ్మ బొద్దింకను చెప్పుతో కొట్టి, "బయటికి రా ఇగ, సచ్చింది" అని పిలిస్తే గానీ మోరీ దగ్గరికి స్నానానికి పోడు. అంజమ్మ లేకపోతే ఈ మనిషి ఎలా బతికేవాడో ఏమో!

ఒకసారి నాగ్‌పాడా వైపు ఒక చిన్న తెలుగు చర్చికి గోడలు పూయడానికి వెళ్ళాడు. బయట ఈయన సిమెంటు పూస్తుంటే లోపల పాస్టరు ప్రసంగం చేస్తున్నాడు. ఆ వేళ చెప్తున్నది సౌలు అనే ఆయన కథ. ఏసు శిష్యులను ఇళ్ళల్లోంచి ఈడ్చి జైల్లో వేయించే మొండివాడు సౌలు. దమస్కు అనే ఊరికి అదే పని మీద పోతుంటే దారిలో పెద్ద వెలుగు తగిలి కళ్ళు పోయాయట. ఆ ఊళ్ళో అననీయ అని ఒక శిష్యుడు ఉన్నాడట. పెద్ద పేరున్నవాడు కాదు, ఆ కథ ముందూ లేడు, తర్వాతా లేడు. దేవుడు ఆయన్ని పిలిచి, పోయి ఆ గుడ్డివాడి మీద చేయి పెట్టు, చూపు వస్తుంది అన్నాడట.

ఆ సాయంత్రం కుర్మయ్య సిమెంటు చేతులతోనే నా గుమ్మంలో కూలబడ్డాడు. "మంగళక్కా, ఆయన ఏమన్నడో ఎరుకనా? 'వామ్మో, వానిదగ్గరికా? వాడు మమ్ముల సంపేటోడు, నేను పోను' అన్నడంట. దేవునికే ఎదురు జెప్పిండు! భయమైతదని జెప్పిండు!"

"అయితే దేవుడేం జేసిండు? కొట్టిండా?"

"కొట్టలేదక్కా! బతిమాలినట్టు జెప్పి పంపిండు. భయపడేటోడు గూడ పనికొస్తడంట దేవునికి."

అంతే. ఇంతమంది దేవుళ్ళున్న ఊరిలో ఈయన్ని పట్టుకున్నది ఆ ఒక్క మాట. మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. పేరు మార్చుకో అంటే "అననీయ" అన్నాడు. పాస్టరు తల పట్టుకున్నాడట. వాళ్ళ కథల్లో ఆ పేరు గలవాళ్ళలో బాగా తెలిసినవాడు వేరే ఉన్నాడు. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, మొత్తం ఇచ్చేశానని పెద్దల ముందు అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చినవాడు. వాడి భార్య సప్పీరా కూడా అదే అబద్ధమాడి అలాగే పోయింది. చర్చికి పోయేవాళ్ళందరికీ ఆ అననీయే గుర్తు. దమస్కు అననీయ ఎవరికి కావాలి? "యోహాను అని పెట్టుకో, దానియేలు అని పెట్టుకో, సింహాల బోనులో గూడ భయపడలే ఆయన" అని పాస్టరు చెప్పి చూశాడు. కుర్మయ్య వినలేదు. "నాకు సింహాలు వద్దయ్యా, నాకు ఆ భయపడ్డోని పేరే గావాలె" అన్నాడు.

పెట్టుకున్నాడు, పడ్డాడు. ఆ ఆదివారం నుంచే చర్చివాళ్ళు "అబద్ధాల అననీయ" అనడం మొదలుపెట్టారు. చర్చి నుంచి ఆ మాట గల్లీకి దిగింది. అంజమ్మను "సప్పీరా" అంటే ఆమె లేచి కొంగు బిగించింది. "నేను బాప్తిస్మమే తీసుకోలే, నన్నెందుకు సంపుతున్నరు?" అని నలుగురినీ కడిగేసింది. ఆమె ఇప్పటికీ కురుమూర్తి స్వామికే మొక్కుతుంది. ఆయన దేవుడు ఆయనకు, ఆమె దేవుడు ఆమెకు. పప్పు గిన్నె మాత్రం ఒకటే.

నేనూ ఊరుకోలేదు లెండి. "ఏందిరా కుర్మయ్యా, అననీయ అంటే ఎవ్వర్ని ఏం అననియ్యవా? పేరేమో అననీయ, అనేటోళ్ళేమో ఊరంత!" అని నవ్వేదాన్ని. ఆయన కూడా నవ్వేవాడు. కోపం తెచ్చుకోవాలన్నా ధైర్యం కావాలి కదా.

ఇక తుకారాం సంగతి. వీడు మా చాల్‌లోనే మూడో అంతస్తు వాడు. వాళ్ళ తాత ఏనాడో పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చాడు. మనవడు కూలీలను పనికి పంపే ముకాదం అయ్యాడు. ఇంట్లో మరాఠీ, బయట హిందీ, తిట్టడానికి మాత్రం తెలుగు. ముక్కు మీద కోపం, నోట్లో మందు. అందరూ "తుకారాం సేఠ్" అనేవారు. నేను మాత్రం వాడి ముక్కు తుడిచి పెంచినదాన్ని, "ఒరేయ్" అనేదాన్ని. వాడి భార్య దర్శన దాదర్ పిల్ల. మెత్తటి మనిషి. కుర్మయ్య గదిలో ఆదివారం సాయంత్రాలు పది పన్నెండు మంది కూర్చుని ప్రార్థన చేసుకునేవారు. మొగుడి తాగుడు తగ్గాలని దర్శన కూడా వచ్చి ఓ మూల కూర్చోవడం మొదలుపెట్టింది.

తుకారాంకు తెలిసింది. ఒక ఆదివారం వాడు మెట్లు దిగి వచ్చాడు. పాటలకు వాయించే ఢోలకీని కాలితో తన్ని పగలగొట్టాడు. కుర్మయ్యను కాలర్ పట్టుకుని వరండాలోకి లాగి, పిల్లాజెల్లా చూస్తుండగా చెంపలు వాయించాడు. "నా బాయికోను, నా పెండ్లాన్ని పట్టుకపోతవురా?" అని అరిచాడు. కుర్మయ్య విడిపించుకుని పరుగు తీసి ఎక్కడికి వచ్చాడనుకున్నారు? నా వంటింట్లోకి. జొన్నపిండి డబ్బా వెనక కూర్చున్నాడు. డబ్బా చిన్నది, మనిషి పెద్దవాడు. రెండు వైపులా కనిపిస్తూనే ఉన్నాడు పాపం. నేను రొట్టెల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను కాబట్టి తుకారాం లోపలికి రాలేదు.

అక్కడితో ఆగలేదు. కూలీలు పని కోసం పొద్దున్నే నిలబడే నాకాలో ఈయన్ని ఎవరూ పనికి పిలవకూడదని తుకారాం చెప్పి పెట్టాడు. కుర్మయ్య రైలెక్కి ఎక్కడెక్కడో నాకాలకు పోవలసి వచ్చింది. అంజమ్మ ఇంకో రెండిళ్ళలో గిన్నెలు తోమడానికి కుదిరింది. దర్శనకు ఇంట్లో దెబ్బలు ఎక్కువై, కూతురు రుతుజను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడో అంతస్తులో తుకారాం ఒక్కడే మిగిలాడు. వాడిని దాటి పోవాల్సి వస్తే కుర్మయ్య మెట్ల మీదే ఆగి, వాడు వీధి మలుపు తిరిగిందాకా చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి ఉండేవాడు.

తర్వాత వానాకాలం పోయాక ఆ ప్రమాదం జరిగింది. టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి ఆసిడ్ పోసి కడుగుతారు కదా, ఒక కొత్త కూలీ ఆ డబ్బా మూత తీయడానికి తంటాలు పడుతున్నాడట. తుకారాంకు ఓపిక ఎక్కడిది? "ఇటు తే" అని గుంజుకున్నాడు. మూత ఊడింది, ఆసిడ్ ఎగిరి రెండు కళ్ళలో పడింది.

ఆసుపత్రిలో నాలుగు రోజులు కూడా ఉండలేదు మహానుభావుడు. నర్సులతో గొడవపడి ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాడు. వాడి చుట్టూ తిరిగిన కూలీలు ఒక్కరూ రాలేదు. బలం ఉన్నన్నాళ్ళే సేఠ్! దర్శన పరుగెత్తుకుని వస్తే చెంబు విసిరి తరిమేశాడు. నేను వెళ్తే గ్లాసు వచ్చింది. నా సంగతి తెలుసుగా, "చావు పో" అని తిట్టి వచ్చేశాను. దర్శన నా గదిలో కూర్చుని ఏడ్చింది. "డావా డోళా గేలా, మావశీ. ఎడమది పాయె. కుడిదాంట్ల జర ఆశ ఉన్నదంట. గంటకోపారి మందు పడాలె, పడితే ఆపరేషన్ జేస్తరంట. పడకపోతే అది గూడ పోతదన్నరు. ఆయన ముట్టనిస్తలేడు. చీకట్లనే సస్త అంటున్నడు."

కుర్మయ్య అప్పుడు నా గుమ్మం పక్కనే రొట్టె తింటున్నాడు. అంతా విన్నాడు. రొట్టె ముక్క పప్పులో ముంచి అలాగే మరిచిపోయాడు.

ఆ ఆదివారం వాళ్ళ ప్రార్థన అయ్యాక మాటల్లో తుకారాం సంగతి వచ్చింది. చెక్క ఇవతల నాకు అంతా వినబడుతూనే ఉంది. కవిత అని బట్టలు కుట్టే పిల్ల ఒకతి ఉంది, బాగా పాడుతుంది. "సౌలుకు పోయినట్టే పోయినయ్ కండ్లు. దేవుడు ఊకుంటడా? మనల గోస పెట్టిండు, శిక్ష పడ్డది" అంది. నలుగురూ అవునంటే అవునన్నారు. ఒకడెవడో "స్తోత్రం" అని కూడా అన్నాడు.

అప్పుడు కుర్మయ్య గొంతు వినిపించింది. అది ఆయన గొంతేనా అని నేను చెక్కకు చెవి ఆనించాను.

"నా ముంగట ఆ మాట అననీయ."

ముందు వాళ్ళు నవ్వారు. పేరుతో పరిహాసం ఆడుతున్నాడనుకున్నారు. ఆయన నవ్వలేదు.

"అననీయ అంటే అననీయ. సౌలుకు కండ్లు పోతే శిక్ష పడ్డదని స్తోత్రం జెప్పిన్రా అప్పటోళ్ళు? దేవుడు మనిషిని పంపిండు. గుడ్డోని తానికి పొమ్మని మనిషిని పంపిండు. మీల ఎవరన్న పోతరా?"

కవితే అంది, కోపంతోనే అంది, "పంపింది అననీయను గదా అన్నా. నీ పేరే గదా అది. నువ్వే పో."

వలలో పడ్డట్టు దొరికిపోయాడు! ఊరంతా వద్దన్న పేరు కోరి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పేరే వచ్చి మెడ మీద కూర్చుంది. "పోత" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. "అక్కా, మా దేవునికి నేను జెప్పుకున్న. మీ పోచమ్మకు నువ్వొక మాట జెప్పు. ఇద్దరు జూస్తే మంచిది" అన్నాడు. పాస్టరు విని ఉంటే ఏమనేవాడో! నేను దీపం పెట్టాను. అంజమ్మ మాత్రం చేట పట్టుకుని దారికి అడ్డం కూర్చుంది.

"వాడు మన కడుపు మీద కొట్టిండు. యాదున్నదా?"

"యాదున్నదే."

"నిన్ను మందిల కొట్టిండు."

"కొట్టిండు."

"మల్ల ఎందుకు పోతున్నవయ్యా?"

"ఆ కన్ను గూడ పోతదే" అన్నాడు. అంజమ్మ చేట తీసుకుని పక్కకు జరిగింది. ఆమెది కూడా తక్కువ మనసు కాదండీ, ఆమె గురించి చెప్పాలంటే మళ్ళీ ఇంత కథ.

నన్ను తోడు రమ్మన్నాడు. ఎక్కాం. రెండో అంతస్తులో ఆగాడు, మూత్రానికి పోవాలన్నాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. నీళ్ళు తాగాలన్నాడు. "ఒరేయ్, పెండ్లిపిల్ల గూడ ఇంత సతాయించదు, నడువు" అని వెనక నుంచి తోశాను. మూడో అంతస్తు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

లోపలి నుంచి వాడు, "కోణ్ ఆహె? ఎవడు?" అని అరిచాడు.

అందరూ సేఠ్ అంటారు. ఈయన కూడా అంతకుముందు రోజు దాకా సేఠ్ అన్నవాడే. ఏమైందో ఏమో, "తమ్మీ తుకారాం, నేను, కుర్మన్నను" అన్నాడు. తోడబుట్టినవాణ్ణి పిలిచినట్టే పిలిచాడు. నాకు కళ్ళు చెమర్చాయి. తలుపుకు ఏదో గిన్నె వచ్చి ధడాలున తగిలింది. నా కళ్ళ తడి అక్కడే ఆరిపోయింది.

"మందు ఏసి పోత తమ్మీ. మతం ముచ్చట ఒక్కటి గూడ జెప్ప. మందు ఒక్కటే."

తలుపుకు లోపల గడియ వేసి లేదు. ఈయన లోపలికి పోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. తుకారాం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను మీద కట్టు, కుడి కన్ను తెల్లగా ఉడికించిన గుడ్డులా ఉంది. గదంతా గబ్బు. చేతిలో ఇంకో గిన్నె పట్టుకునే ఉన్నాడు.

"నిన్ను కొట్టిన గదరా నేను. ఇప్పుడు గూడ కొడ్త. భయం లేదా నీకు?"

"నాకేం భయం? లేదు" అన్నాడు కుర్మయ్య. చెవులు చూద్దును కదా, మిరపపళ్ళే! చూసే కళ్ళుంటే తుకారాం అక్కడికక్కడే పట్టేసేవాడు. చూసే కళ్ళు లేవు. కుర్మయ్యకు ఇంకా ఏదో చెప్పాలనిపించి, కంగారులో నోటికొచ్చింది అనేశాడు. "నీకే కండ్లు గనవడ్తలేవు, నీకేం భయపడాలె తమ్మీ?"

అయిపోయింది, చచ్చాం అనుకున్నాను. తుకారాం నవ్వాడు. ఆసిడ్ పడ్డాక వాడు నవ్వడం అదే మొదటిసారి అయి ఉంటుంది. నవ్వితే చర్మం గుంజి నొప్పి పుట్టినట్టుంది, మూలుగుతూ నవ్వాడు. గిన్నె పక్కన పెట్టి తల వెనక్కి వాల్చాడు.

కుర్మయ్య ముందు వాడి నుదుటి మీద చేయి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. తర్వాత మందు వేశాడు. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది చెంప మీద. మూడోది కంట్లో పడింది. "గోడకు సున్నం ఏస్తున్నవారా, కన్నుల మందు ఏస్తున్నవా?" అని తుకారాం తిట్టాడు.

సాయంత్రం కవిత వచ్చి ఆత్రంగా అడిగింది, "చెయ్యి పెట్టినవా అన్నా? పొరలు రాలినయా?" వాళ్ళ కథలో సౌలు కళ్ళ నుంచి పొరల వంటివి రాలిపడ్డాయట.

"పెట్టిన. ఏం రాలలే. మందు ఏసిన" అన్నాడు కుర్మయ్య.

ఆ రోజు నుంచి పని మానేశాడు. పొద్దున ఎక్కితే చీకటి పడ్డాక దిగేవాడు. గంట గంటకూ లోపలికి పోయి మందు వేసి, బయటికి వచ్చి గుమ్మం పక్కన వరండాలో కూర్చునేవాడు. రాత్రి వంతు దర్శనది. అది కూడా తేలిగ్గా జరగలేదు. కొన్నాళ్ళు ఆమె అడుగుల చప్పుడు వినగానే తుకారాం మొహం గోడకు తిప్పుకునేవాడు. తర్వాత తిప్పుకోవడం మానేశాడు. తాగుడు కూడా ఆ మంచం మీదే ఆగిపోయింది. తెచ్చిపెట్టేవాళ్ళు లేరు కదా.

నేను రొట్టెలు పట్టుకెళ్ళినప్పుడల్లా వాళ్ళ మాటలు వినేదాన్ని. కురుమూర్తి జాతర గురించి తుకారాం అడిగేవాడు. తాత చెప్పిన ముక్కలు వాడికి కొన్ని గుర్తున్నాయి. కుర్మయ్య గుమ్మం బయట నుంచే గుట్ట ఎంత ఎత్తో, బండ్లు ఎలా కట్టుకుని పోతారో చెప్పేవాడు. ఏసు పేరు మాత్రం ఎత్తలేదు. మాటిచ్చాడు కదా. ఒకనాడు తుకారాంకే ఉండబట్టలేదు.

"ఆ అననీయ ఎవడు? అబద్ధాలోడంట గద, వాని పేరు ఎందుకు పెట్టుకున్నవ్?"

"జెప్పొద్దు తమ్మీ. మతం ముచ్చట అయితది."

"నేనే అడుగుతున్న గద!"

"అయినా జెప్ప. మాటిచ్చిన."

తుకారాం చిరాకుపడి గోడను గుద్దాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

చర్చిలో కూడా గొడవ మొదలైంది. తుకారాంను ప్రార్థనకు తీసుకొచ్చి సాక్ష్యం చెప్పించాలని పాస్టరు ఆశ. "ఇంత సేవ జేస్తున్నవ్, ఒక్క మాట చెవుల ఎయ్యవా?" అన్నాడట. కుర్మయ్య ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఆ వేళ మాత్రం, "అయ్యా, కండ్లు లేనోన్ని పట్టుకొస్తే వాడు వచ్చినట్టా, నేను ఈడ్సుకొచ్చినట్టా?" అన్నాడట. ఇప్పటికీ తుకారాం చర్చి మెట్లు ఎక్కలేదు. మా పోచమ్మ బోనాలకు డప్పులు పెట్టించేది వాడే. ఆ విషయం కుర్మయ్యే నాకు నవ్వుతూ చెప్తాడు. పెద్ద మనసంటే ఇదే అని నేనంటాను. మీకు వేరే మాట తెలిస్తే చెప్పండి.

ఆపరేషన్ అయింది. కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి ఇంటికి పంపారు. ఫలానా రోజు పొద్దున మూత తీసి, కన్ను తుడిచి మందు వేయమన్నారు. మనిషి ఆనవాలు తెలిస్తే కన్ను నిలిచినట్టు. ఉత్త వెలుతురే కనిపిస్తే ఇక చేసేదేమీ లేదన్నారు. కన్ను నలపకూడదు, ఏడవకూడదు అని మరీ మరీ చెప్పారు.

ఆ పొద్దున నేను పొయ్యి కూడా వెలిగించలేదు. మూడో అంతస్తుకు పోయాను. దర్శన గుమ్మంలో నిలబడి పిడికిలి నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. కిటికీ లోంచి ఎండ మంచం మీద పడుతోంది. తుకారాం రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. గుడ్డివాడిగా మిగిలితే వాడు బతకడని మా అందరికీ తెలుసు. వాడికీ తెలుసు.

కుర్మయ్య మూత తీశాడు. దూదితో తుడిచాడు. మందు బుడ్డి ఎత్తి పట్టుకుని, "తల పైకెత్తు తమ్మీ, కన్ను తెరువు" అన్నాడు.

తుకారాం తెరిచాడు. రెప్పలు కొట్టుకున్నాయి, నిలిచాయి. కంటి మీదికి వచ్చిన చేతినే చూస్తున్నాడో, ఊరికే అటు తిరిగి ఉన్నాడో తెలియడం లేదు. "ఒరేయ్, ఏమన్న గనవడ్తున్నదా? నోరిప్పు!" అని అరిచాను.

వాడు కుర్మయ్యతోనే అన్నాడు.

"కుర్మన్నా, నీ చెయ్యి ఎందుకు ఊగుతున్నది?"

దర్శన గుమ్మంలోనే కూలబడిపోయింది. నేను "పోచమ్మ తల్లీ!" అని చేతులెత్తాను. కుర్మయ్య మాత్రం దొంగ దొరికినట్టు ఆ చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"దాచకు. జూపెట్టు. జొరం వచ్చిందా?"

"లేదు."

"మల్ల?"

కుర్మయ్య నేల చూపులు చూశాడు. తుకారాం ఆ ఒంటికన్నుతో ఆయన మొహమంతా వెతికాడు.

"నాకు భయపడుతున్నవా?"

"గుమ్మం దాటంగనే మొదలైతది తమ్మీ. బయటికి వోయినంక తగ్గుతది."

"రోజూనా?"

"రోజూ."

"ఇన్ని రోజులు ఇట్లనే వణుక్కుంట ఏసినవా? గంట గంటకు?" అన్నాడు తుకారాం. "అంత భయమున్నోనివి, మల్ల మల్ల ఎందుకొచ్చినవే?"

కుర్మయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. వాడి వైపు వింతగా చూశాడు.

"గంటకోపారి ఏయమన్నరు గద" అన్నాడు.

తుకారాం మొహం పిల్లాడి మొహంలా వంకరపోయింది. "ఏడవకురా, కన్ను పోతది! డాక్టరు జెప్పలే?" అని నేను కేకలు వేశాను. అలా అంటూ నేనే ఏడుస్తున్నాను. కుర్మయ్య హడావుడిగా బుడ్డి ఎత్తి చుక్క వదిలాడు. అది చెంప మీద పడింది. ఇంకోటి వదిలాడు, అది ముక్కు మీద. తుకారాం తిట్టలేదు. మంచం పట్టె వదిలి, రెండు చేతులతో ఆ వణుకుతున్న చేతిని గట్టిగా పట్టుకుని, కదలకుండా తన కంటి మీదికి తెచ్చుకున్నాడు.